దరువు కావాలి, దేవత వద్దా?

బ్రెజిల్‌లోని బహియా రాష్ట్ర రాజధాని సాల్వదోర్ వేదికల మీద గాయని క్లాడియా లెయిచీ తన పాత పాట ‘కరంగేజు’ పాడుతూ, సముద్ర దేవత యెమంజా పేరు రావాల్సిన చోట ‘యేషువా’ (యేసు) అనడం కొత్త కాదు. ఎవాంజెలికల్ క్రైస్తవం తీసుకున్నాక కొన్నేళ్లుగా అలాగే పాడుతున్నారు. 2024 డిసెంబరులో మాత్రం బహియా రాష్ట్ర ప్రాసిక్యూటర్లు అది జాత్యహంకారమా అని విచారణ మొదలుపెట్టారు. జాత్యహంకారం తేలిగ్గా మాట్లాడే విషయం కాదనీ, ఇంటర్నెట్‌లో తీర్పులు చెప్పొద్దనీ ఆమె జవాబు. ఒక్క మాటకు ఇంత గొడవా అనుకునేవాళ్లు 1975 కార్నివాల్ దగ్గరికి వెళ్లాలి.

బానిస ఓడల్లో ఆఫ్రికా దేవతలు, అంటే ఒరిషాలు, బ్రెజిల్‌కు దాటొచ్చిన కథ తెలిసిందే. యెమంజా వాళ్లలో ఒకరు. వాళ్లను కొలిచే మతం కాందోంబ్లే. గాంధీ హత్య తర్వాత, 1949లో సాల్వదోర్ రేవు కూలీలు ‘గాంధీ బిడ్డలు’ అని పేరు పెట్టుకుని, తెల్లబట్టలతో, కాందోంబ్లే గుళ్లలో వినిపించే ఇజెషా దరువుతో కార్నివాల్‌లోకి వచ్చారు. మనకు ముచ్చటేసే సంగతే, కానీ అసలు మలుపు అది కాదు.

1974లో కురుజు పేటలో ‘ఇలె అయె’ పుట్టింది. నల్లవాళ్లకే చోటున్న బృందం. దానికి అండ తల్లి హిల్డా నడిపిన తెరేరో, అంటే ఒరిషాలను కొలిచే గుడి. ఊరేగింపు కదిలే ముందు ఆవిడ జనం మీద పేలాలు చల్లేవారు. రోగాలు తెచ్చేవాడూ తీసేవాడూ అయిన ఒబలువాయె దేవుడికి పేలాలే పూలు. తెల్ల పావురాలు ఎగిరాకే డ్రమ్ములు మోగేవి. 1975లో తొలిసారి వీధిలోకి వస్తే నగరంలోని పెద్ద పత్రిక వాళ్లకు ‘జాతివాద బృందం’ అని ముద్ర వేసింది. అప్పటికింకా తెరేరోలో పూజ జరగాలంటే పోలీసు లైసెన్సు ఉండాల్సిందే. 1976 జనవరిలో గవర్నర్ రొబెర్తొ సాంతొస్ ఉత్తర్వుతో గానీ ఆ నిబంధన పోలేదు.

పదేళ్లకల్లా ఆ దరువులే కాసులు కురిపించాయి. 1985 నుంచి లెక్కేసే ఆ సంగీతానికి పేరే ‘అషె’. క్లాడియా పాడేదీ అదే. తెరేరోలో ఆ మాటకు ప్రాణశక్తి అని అర్థం. నల్లవాళ్ల తాళంతో డబ్బూ పేరూ సంపాదించి, ఆపైన ఒరిషాల పేర్లు తీసేయడం జాత్యహంకారమేనని అప్పటి సాల్వదోర్ సాంస్కృతిక కార్యదర్శి పెద్రొ తురీన్యొ, ఎవరి పేరూ ఎత్తకుండా, రాశారు. కాదనడానికి నాకేమీ కనిపించదు.

క్లాడియాపై ఫిర్యాదు చేసినవారిలో తెరేరో పూజారిణి జసియారా రిబెయిరో ఒకరు. 1999లో ఒక చర్చి పత్రిక ఆమె తల్లి జిల్డా ఫొటో వేసి, మోసగాళ్లంటూ కథనం రాసింది. 2000 జనవరి 21న జిల్డా గుండె ఆగింది. మత అసహనంపై పోరాట దినంగా బ్రెజిల్ 2007లో చట్టం చేసింది ఆ తేదీనే.