యుద్ధ శరణార్థులకు సహాయం: అపోహలు - వాస్తవాలు

శరణార్థుల సహాయం అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది ఒకటే దృశ్యం: సరిహద్దు దాటి వస్తున్న జనం, వరుసగా తెల్లటి గుడారాలు, లారీ చుట్టూ చాచిన చేతులు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అది మొదటి వారం దృశ్యం. ఆ తర్వాతి నెలలను, ఏళ్లను కూడా దానితోనే కొలవడం వల్ల మంచి మనసుతో చేసే సాయం సైతం దారి తప్పుతూ ఉంటుంది. సరుకుల పంపిణీ, నీరు, పారిశుధ్యం పనుల్లో చాలాకాలంగా ఉన్నవాణ్ణి కాబట్టి నాకు తరచుగా వినిపించే కొన్ని అభిప్రాయాలను, వాటి వెనుక అసలు సంగతులను ఇక్కడ రాస్తున్నాను. వీటిలో ఒకటి మా రంగంవాళ్లమే ఊరూరా చాటినది.

అపోహ: శరణార్థుల్లో ఎక్కువమంది సంపన్న దేశాలకే చేరుకుంటారు.

దేశం దాటినవారిలో దాదాపు 70 శాతం మంది పొరుగు దేశంలోనే ఆగిపోతారు. కాలినడకన, గాడిద బండ్ల మీద, దొరికిన లారీ ఎక్కి వెళ్లగలిగే దూరం అంతే. పైగా పరిస్థితి కాస్త సద్దుమణిగితే పొలం, ఇల్లు చూసుకోవడానికి వెనక్కి వెళ్లవచ్చునన్న ఆశ ఉంటుంది, సరిహద్దుకు ఆవల తమ భాష మాట్లాడే బంధువులూ ఉంటారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు పశ్చిమ డార్ఫుర్ నుంచి మసాలిత్ ప్రజలు చాద్‌లోని అడ్రే పట్టణానికి నడిచి వెళ్లడానికి కారణం అదే, ఎందుకంటే మసాలిత్‌లు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు. సుమారు 40,000 జనాభా ఉన్న ఆ చిన్న పట్టణం మీద రెండు లక్షలకు పైగా జనం వచ్చిపడ్డారు, వారిలో అత్యధికులు మహిళలు, పిల్లలు. లెబనాన్‌లో సిరియా శరణార్థుల నమోదు 2014 ఏప్రిల్‌లోనే పది లక్షలు దాటింది. ఆ దేశ జనాభాతో పోలిస్తే ఏ సంపన్న దేశమూ ఆ స్థాయిలో ఆశ్రయమిచ్చిన దాఖలా లేదు.

అపోహ: శరణార్థులంటే శిబిరాల్లో ఉండేవారు.

ప్రపంచవ్యాప్తంగా చూస్తే శిబిరాల్లో ఉన్నవారు నాలుగో వంతుకు కూడా మించరు. జోర్డాన్‌లో 2012 జూలైలో తెరిచిన జాతరి శిబిరం పేరు లోకమంతా తెలుసు, అయినా ఆ దేశంలోని సిరియా శరణార్థుల్లో సుమారు ఐదింట నలుగురు శిబిరాల బయటే అద్దె గదుల్లో బతికారు. లెబనాన్ ప్రభుత్వమైతే సిరియన్ల కోసం అధికారిక శిబిరాలు పెట్టడానికే ఒప్పుకోలేదు. కనుక అక్కడి సహాయ కార్యకర్త రోజూ చేసే పని లారీ మీద నిలబడి మూటలు అందించడం కాదు. కట్టడం మధ్యలో ఆగిపోయిన భవనంలో, రెయిలింగ్ లేని మెట్లెక్కి, కిటికీ చట్రానికి ప్లాస్టిక్ పట్టా మేకులతో కొట్టి ఉన్న గదిలో కూర్చుని, ఎన్ని నెలల అద్దె బాకీ ఉంది, ఇంటి యజమాని ఏ తేదీకి ఖాళీ చేయమన్నాడు, చలికాలానికి హీటరు ఉందా అని ఓపికగా అడిగి రాసుకోవడమే ఆ పని. శిబిరంలో ఉన్నవారు కనీసం లెక్కకు దొరుకుతారు. ఇలా ఊరంతా చెదిరిపోయినవారిని వెతికి పట్టుకోవడానికే సగం శ్రమ పోతుంది.

అపోహ: యుద్ధం నుంచి వచ్చారు కాబట్టి ముందుగా కావలసింది శస్త్రచికిత్స నిపుణులు.

గాయపడినవారికి వైద్యులు కావాలి, సందేహం లేదు. అయితే సరిహద్దు దాటాక మొదటి వారాల్లో ప్రాణాలు ఎక్కువగా తీసేవి తూటాలు కావు, అతిసారం, తట్టు, న్యుమోనియా, మలేరియా, వీటన్నిటికీ తోడయ్యే పోషకాహార లోపం. 1994 జూలైలో రువాండా నుంచి కొద్ది రోజుల్లోనే లక్షలాది మంది అప్పటి జైర్ (నేటి కాంగో)లోని గోమా ప్రాంతానికి చేరారు. అక్కడిది లావా గడ్డకట్టిన నేల కావడంతో మరుగుదొడ్డి గుంతలు తవ్వడం సాధ్యపడలేదు, జనం సరస్సు నీళ్లే తాగారు. కలరా, రక్త విరేచనాలతో మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది చనిపోయారు. ఆ వైఫల్యం సహాయ సంస్థలను కుదిపేసింది. అందరూ పాటించవలసిన కనీస ప్రమాణాలను రాసుకోవడానికి 1997లో స్ఫియర్ అనే ప్రయత్నం మొదలైంది.

ఆ ప్రమాణాలు ఈ రోజుకీ మా చేతిలో ఉండే కొలబద్దలే. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు ఉండాలి. నీటి కుళాయి ఇంటి నుంచి 500 మీటర్లు దాటకూడదు, ఒక్కో కుళాయి మీద 250 మందికి మించి ఆధారపడకూడదు. 20 మందికి ఒక మరుగుదొడ్డి, మనిషికి 3.5 చదరపు మీటర్ల పైకప్పు ఉన్న చోటు, రోజుకు 2,100 కిలోకేలరీల ఆహారం అందాలి. రోజుకు పదివేల మందిలో ఒకరికి మించి మరణిస్తున్నారంటే దాన్ని అత్యవసర పరిస్థితిగా లెక్కిస్తాం. ఇవి చదవడానికి పొడిగా ఉంటాయి గానీ, మరుగుదొడ్డి దూరంగా, చీకట్లో ఉంటే ఆడవాళ్లు రాత్రి అటు వెళ్లడానికి భయపడి సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. ఈ సంగతి ఏ పట్టికలోనూ కనబడదు, నలుగురు ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడితేనే తెలుస్తుంది.

ప్రాణం నిలపడానికి ఖరీదైన వైద్యమే అక్కర్లేదని మన పొరుగునే రుజువైంది. 1971 యుద్ధ కాలంలో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది భారతదేశానికి వచ్చినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బోన్గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అడుగంటాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా పాళ్లలో పొడి కట్టించి, కలిపిన నీటిని కుళాయి ఉన్న పీపాల్లో నింపి, రోగి పక్కన కూర్చున్న తల్లికో తమ్ముడికో గ్లాసు ఇచ్చి పట్టించమన్నారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు ఆ పద్ధతిలో 3.6 శాతానికి దిగాయి. నేడు ఓఆర్ఎస్ పొట్లం అని మనం తేలిగ్గా అనే దానికి ప్రపంచం కళ్లు తెరిచింది ఒక శరణార్థి శిబిరంలో. అక్కడ నర్సుల పని చాలావరకు చేసింది శరణార్థులే.

అపోహ: పాత బట్టలు, మిగిలిన మందులు, పాలపొడి డబ్బాలు ఏవి పంపినా ఉపయోగపడతాయి.

ఈ మాట చెబితే నొచ్చుకునేవారు ఉంటారు, అయినా చెప్పక తప్పదు. బోస్నియా యుద్ధంలో 1992 నుంచి 1996 మధ్య విరాళంగా వచ్చిన మందుల్లో ఇంచుమించు 17,000 టన్నులు పనికిరానివని తేలింది. గడువు తీరినవి, ఆ ప్రాంతంలో లేని జబ్బులకు సంబంధించినవి, సగం వాడిన మాత్రల పట్టీలు, ఎవరికీ చదవరాని భాషలో చీటీలు అంటించినవి అందులో ఉన్నాయి. పనికిరాని మందును చెత్తకుప్పలో పారేయలేం, ఎక్కువ వేడి మీద కాల్చే ఏర్పాటు కావాలి, దానికి మళ్లీ డబ్బు కావాలి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మందుల విరాళాలకు మార్గదర్శకాలు తెచ్చి, అందేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని చెప్పింది. బట్టలది ప్రాణాపాయం కాదు, చోటు సమస్య. గోదాములో బియ్యం బస్తాలు దించవలసిన చోట కట్టలు విప్పి, ఏరి, కొలతల వారీగా సర్దడానికి పది మంది రోజంతా కూర్చోవాలి.

పాలపొడి విషయం వేరు, అది ప్రమాదకరం. శుభ్రమైన నీరు, మరిగించడానికి కట్టెలు, సీసా కడగడానికి సబ్బు లేనిచోట పాలపొడి అంటే పసిబిడ్డకు విరేచనాలు పట్టడమే. భయంతో, అలసటతో పాలు ఇంకిపోతాయన్న నమ్మకం చాలామంది తల్లుల్లో ఉంటుంది. వారికి కావలసింది కాస్త చాటు, కడుపునిండా తిండి, తాగడానికి నీళ్లు, పక్కన ధైర్యం చెప్పే మరో ఆడమనిషి. తల్లి లేని బిడ్డలకు పాలపొడి తప్పదు, అయితే అది వైద్య సిబ్బంది కనుసన్నల్లో జరగాలి, గుంపులో పంచిపెట్టే వస్తువు కాదు.

అపోహ: చేతికి డబ్బిస్తే దుబారా చేస్తారు.

యూరోపియన్ యూనియన్ నిధులతో 2016 చివర్లో టర్కీలో మొదలైన పథకం కింద శరణార్థి కుటుంబాలకు మనిషికి నెలకు 120 లీరాల చొప్పున బ్యాంకు కార్డులో వేసేవారు. పదిహేను లక్షల మందికి పైగా దాని పరిధిలోకి వచ్చారు. ఇలాంటి పథకాల్లో ఆ డబ్బు ముఖ్యంగా పోయేది అద్దెకు, తిండికి, అప్పులకు. బిడ్డకు బూట్లు ముందా, గ్యాసు ముందా అన్నది ఆ ఇంటి తల్లికి తెలిసినంతగా మాకు తెలియదు. డబ్బు స్థానిక దుకాణంలో ఖర్చవుతుంది కాబట్టి కిరాణా వ్యాపారి కూడా శరణార్థిని కొనుగోలుదారుగా చూస్తాడు.

అయితే డబ్బే సర్వరోగ నివారిణి అనేవారితోనూ నేను ఏకీభవించను. సంతలో సరుకే లేనప్పుడు, వానాకాలంలో దారులు తెగిపోయి లారీలు రానప్పుడు నోట్లు పంచితే ధరలు పెరుగుతాయి తప్ప కడుపు నిండదు. ముందు సంతకు వెళ్లి ఎంతమంది వర్తకులున్నారు, నిల్వ ఎన్నాళ్లకు వస్తుంది, మళ్లీ సరుకు తెప్పించడానికి ఎన్ని రోజులు పడుతుంది అని విచారించాకే నిర్ణయం తీసుకోవాలి.

అపోహ: రేషన్ అమ్ముకుంటున్నారంటే ఎక్కువైనట్టే.

పంపిణీ కేంద్రం గేటు బయట వంద గజాల దూరంలోనే ఆ అమ్మకం జరుగుతుంది. అందుకే అందరి కంటా పడుతుంది. నెల రేషన్‌గా జొన్నలో మొక్కజొన్నలో గింజల రూపంలోనే ఇచ్చాం అనుకుందాం. గింజలు నేరుగా వండుకోలేరు, మర పట్టించాలి. మరకు కూలి కావాలి, పొయ్యికి కట్టెలు కావాలి, సబ్బు, ఉప్పు కావాలి. చేతిలో పైసా లేదు. కాబట్టి ఆ తల్లి సంచి మూతి విప్పి, డబ్బాతో కొలిచి, రెండు మూడు డబ్బాలు అక్కడే తక్కువ ధరకు వర్తకుడికి పోసి, మిగిలిన గింజల్ని పిండిగా మార్చుకుంటుంది. అంటే రేషన్ ఎక్కువై అమ్మడం లేదు, అది అసంపూర్ణం కాబట్టి అమ్ముతోంది. ఇది చూసి దొంగతనం అంటూ కోటా తగ్గించిన అధికారులున్నారు. తగ్గించిన నెలలో అమ్మకం ఆగలేదు, పిల్లల పళ్లెంలో ముద్ద చిన్నదైంది. పిండి ఇవ్వడమో, మర కూలి కూడా కలిపి ఇవ్వడమో దీనికి విరుగుడు.

అపోహ: తప్పిపోయిన పిల్లలను వెంటనే దత్తత తీసుకోవడం పుణ్యకార్యం.

కాదు. ఒంటరిగా కనబడిన పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులో బంధువులో ఎక్కడో బతికే ఉంటారు. మొదట చేయవలసింది పేరు, ఊరు, ఎవరితో ఎక్కడ విడిపోయారు అన్నది రాసుకుని వెతకడం, అంతవరకు తెలిసిన కుటుంబంలోనే ఉంచడం.

అపోహ: శరణార్థి సగటున 17 ఏళ్లు శిబిరంలో గడుపుతాడు.

ఇదే మేము చాటిన అపోహ. ఉపన్యాసాల్లో, కరపత్రాల్లో, నిధుల విజ్ఞప్తుల్లో ఈ సంఖ్య తిరగని చోటు లేదు, నేనూ ఒకప్పుడు వాడాను. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2004లో వెలువరించిన పత్రంలో, దీర్ఘకాలంగా సాగుతున్న పెద్ద సంక్షోభాల సగటు వయసు 1993లో 9 ఏళ్లు ఉండగా 2003 నాటికి 17 ఏళ్లు అయిందని ఉంది. అది సంక్షోభాల వయసు, మనుషులు ప్రవాసంలో గడిపిన కాలం కాదు, శిబిరాల్లో గడిపిన కాలం అంతకన్నా కాదు. అందులోనూ ఎంపిక చేసినవి దీర్ఘకాలపు సంక్షోభాలే. 2016లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు మనుషుల లెక్కన చూస్తే సగటు పదేళ్ల చుట్టుపక్కల వచ్చింది, సగం మందికి అంతకంటే బాగా తక్కువే. పదేళ్లయినా తక్కువేమీ కాదు, మొదటి తరగతి పిల్లవాడు బడి చదువు పూర్తి చేసే కాలమది. గుడారం కాన్వాసు మాత్రం ఎండకు, వానకు ఒకటి రెండేళ్లలోనే చీకిపోతుంది.

అపోహ: శరణార్థులు ఆశ్రయమిచ్చిన ఊరికి భారం మాత్రమే.

ఇది పూర్తిగా అపోహ అనలేను. అద్దెలు పెరుగుతాయి, కూలి రేటు పడిపోతుంది, చుట్టుపక్కల చెట్లు వంటచెరకుకు పోతాయి, బావిలో నీటి మట్టం దిగుతుంది. బాధ పడేది ఆ ఊరి పేదవాడే. అతని పిల్లవాడికి లేని చెప్పులు శరణార్థి పిల్లవాడికి అందితే కడుపు మండడం సహజం. అందుకే ఉగాండాలో శరణార్థుల కోసం వచ్చే సహాయంలో 30 శాతం స్థానికులకు చెందాలనే నియమం పెట్టుకున్నారు. అక్కడ 2006 చట్టం ప్రకారం శరణార్థులు పని చేసుకోవచ్చు, దేశంలో తిరగవచ్చు. శరణార్థుల ఆవాసాల్లో సాగుకు కొద్దిపాటి భూమి కూడా ఇస్తారు. కెన్యాలోని కకుమా శిబిరం, పక్క పట్టణం కలిపి ఏటా 5 కోట్ల 60 లక్షల డాలర్ల సరుకు కొనే సంత అని 2018 నాటి అధ్యయనం ఒకటి లెక్కగట్టింది. పని చేసుకోనిస్తే భారం తగ్గుతుంది, కట్టిపడేస్తే పెరుగుతుంది.

అపోహ: ఖర్చంతా ఐక్యరాజ్యసమితి భరిస్తుంది.

ఐక్యరాజ్యసమితి సాధారణ బడ్జెట్ నుంచి శరణార్థుల సంస్థకు వచ్చేది చాలా స్వల్పం, ప్రపంచ ఆహార కార్యక్రమానిదీ పూర్తిగా స్వచ్ఛంద విరాళాలతో నడిచే బండే. ప్రభుత్వాల దృష్టి కొత్త యుద్ధం మీదికి మళ్లితే పాత శిబిరంలో పళ్లెం ఖాళీ అవుతుంది. 2017లో మయన్మార్ సైన్యం దాడులకు పారిపోయి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు వచ్చారు. అక్కడ మనిషికి నెలకు 12 డాలర్లుగా ఉన్న ఆహార వోచరును నిధులు లేక 2023 మార్చిలో 10 డాలర్లకు, జూన్‌లో 8 డాలర్లకు కోశారు. రోజుకు 27 సెంట్లు. చట్టప్రకారం వాళ్లకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. కుటుంబాలు ముందు చేపలు, కూరగాయలు మానేస్తాయి, తర్వాత ఒక పూట మానేస్తాయి, ఆ పైన అప్పు చేస్తాయి. పిల్లల పోషణ ఎలా ఉందో చూడటానికి మా వాళ్ల చేతిలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులున్న కొలత పట్టీ ఒకటి ఉంటుంది. పిల్లల జబ్బకు చుడితే చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కంటే తక్కువైనచోట ఎరుపు కనబడుతుంది. ఆ చెయ్యి పెద్దవారి రెండు వేళ్ల మందం మాత్రమే ఉంటుంది. ఆ ఏడాది చివరికి కాక్స్ బజార్ శిబిరాల పిల్లల్లో తీవ్ర పోషకాహార లోపం 15 శాతం అనే అత్యవసర హద్దును దాటింది. 2024 జనవరిలో వోచరు మళ్లీ 10 డాలర్లైంది, ఆగస్టుకు 12.50కి చేరింది.