జపనీస్ మొదలుపెట్టిన పిల్లలకు

పిల్లలూ,

జపనీస్‌కు హిరగన, కతకన, కంజి అని మూడు లిపులని వినగానే బెదిరిపోకండి. మూడూ ఒకే వాక్యంలో ఉంటాయి, దేని పని దానిది. ‘కోహీ ఒ నొమిమసు’ అంటే కాఫీ తాగుతాను. కాఫీ బయటి నుంచి వచ్చిన మాట కనుక ‘కోహీ’ని కతకనలో రాస్తారు. మన ‘ని’ విభక్తి లాంటి ‘ఒ’ హిరగనలో ఉంటుంది. ‘నొమిమసు’లో తాగడమనే అర్థమున్న ‘నొ’ కంజి, అంటే చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని తెలిపే అక్షరం; మిగిలిన ‘మిమసు’ హిరగన, అందులో ‘మసు’ మర్యాదను తెలుపుతుంది. క్రియ మన వాక్యంలో లాగే చివరికొస్తుంది.

ముందు హిరగన పట్టండి. మూల అక్షరాలు 46. అ, క, స, త, న, హ, మ, య, ర, వ అనే వరుసలు. సంస్కృత అక్షరక్రమం చదువుకున్న బౌద్ధ భిక్షువుల ద్వారా వచ్చిన క్రమమిది. ఇప్పటి ‘హ’ను పూర్వం ‘ప’గా పలికేవారు, అక్కడ ‘ప’ పెట్టి చదివితే మన వర్ణమాలే వినిపిస్తుంది! రోజుకో వరుస, పుస్తకం మూసి రాయండి. అక్షరాల కింద తెలుగులో ఉచ్చారణ మాత్రం రాసుకోవద్దు. కన్ను తెలుగు మీదికే పోతుంది, అక్షరం రాదు.

‘ఒబసన్’ అంటే అత్త, ‘ఒబాసన్’ అంటే బామ్మ. ‘కితె’ అంటే రా, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మన చెవికి తేలికే. తప్పులు రాతలో వస్తాయి. హిరగనలో దీర్ఘానికి అదనంగా ఒక అచ్చు, ద్విత్వానికి చిన్న ‘త్సు’ రాయాలి. దాన్ని మామూలు సైజులో రాస్తే ‘కిత్సుతె’ అయిపోతుంది.

కతకనలో ‘షి’, ‘త్సు’ కవలల్లా కనబడతాయి. ‘షి’లో చిన్న గీతలు ఎడమవైపు ఒకదాని కింద ఒకటి, పెద్ద గీత కింది నుంచి పైకి. ‘త్సు’లో చిన్నవి పైన పక్కపక్కన, పెద్దది పై నుంచి కిందికి.

ఇక కంజి. జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో 1026 నేర్పుతారు, ఒకటో తరగతిలో 80. చాలామంది ఒక్కో అక్షరానికీ ఉచ్చారణల పట్టిక బట్టీపట్టి అక్కడే అలసిపోతారు. చైనా నుంచి వచ్చిన పలుకు ఒకటి, జపాన్ సొంత మాట మరొకటి ఉంటాయి కాబట్టి పట్టిక పెరుగుతూనే ఉంటుంది. ‘రోజు’ అనే అర్థమున్న అక్షరాన్ని చూడండి. ఆదివారం, అంటే ‘నిచియోబి’లో అది రెండుసార్లు వస్తుంది: మొదట ‘నిచి’, చివర ‘బి’. ‘ఈరోజు’కు రెండు కంజిలు, కలిపి పలికేది ‘క్యో’. ఏ అక్షరానికి ఏ ధ్వనో విడదీయలేం. అందుకే మాటను మాటగానే నేర్చుకోండి.

ఆ ‘రోజు’ అక్షరానికి నాలుగే గీతలు. ముందు ఎడమ నిలువు, తర్వాత పై అడ్డం, కుడి నిలువు చెయ్యెత్తకుండా ఒకే గీతగా, ఆపైన నడిమి అడ్డం, చివరికి అడుగు. మూలలో చెయ్యెత్తితే లెక్క ఐదవుతుంది; గీతల సంఖ్యతో వెతికే నిఘంటువులో అక్షరం దొరకదు.

నేర్చుకునే ఒక్కో మాటకూ ఒక కార్డు చేసుకోండి. ముందువైపు మాటను చిన్న వాక్యంలో పెట్టండి, వెనక ఉచ్చారణ, అర్థం. రోజుకు ఐదారు చాలు. మర్నాడు, మూడోనాడు, వారానికి మళ్లీ చూడండి. తప్పిన కార్డును కొత్త కార్డుల కట్టలోనే తిరిగి పెట్టండి.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న