కాలు ఒక్కటే చూపిస్తే చాలనుకోకండి: రెండు జబ్బులున్నవాళ్ల వైకల్య శాతంపై అపోహలు - వాస్తవాలు

"కాలు సంగతి ఒక్కటే చెప్పుమన్నరు మేడం. మెంటల్ మందులు వాడుతున్నమంటే ఉన్న పర్సంటేజీ గూడ పోతదట." నల్గొండలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్న నాకు, వైకల్య సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్ల నోట ఈ మాట వినని వారం ఉండదు. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదు. ఆ పుకారును నమ్మి అర్హత ఉన్నవాళ్లు ఉత్త చేతులతో వెళ్లిపోతుంటే మాత్రం చూడలేకపోతున్నాను.

అపోహ: ఒక మనిషికి ఒక వైకల్యమే లెక్కిస్తారు. రెండోది చెబితే మొదటిది తగ్గిపోతుంది.

ఇది పూర్తిగా తప్పు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మానసిక జబ్బు వల్ల వచ్చే వైకల్యం అందులో ఉంది. ఒకటికి మించి ఉంటే అది బహుళ వైకల్యం. ఏ డాక్టరు శాతం ఆ డాక్టరు వేశాక రెండింటినీ కలుపుతారు. పెద్ద శాతాన్ని అలాగే ఉంచి, దాన్ని 90లోంచి తీసేస్తారు. మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, పెద్దదానికి కలుపుతారు. మానసికంగా 45, కాలికి 30 అనుకోండి. 90లో 45 పోతే 45. దాన్ని 30తో గుణించి 90తో భాగిస్తే 15. మొత్తం 60 శాతం. నేరుగా కూడితే వచ్చే 75 రాదు, నిజమే. కానీ ఉన్నది తగ్గడం ఈ లెక్కలో జరిగే పనే కాదు.

తెలంగాణలో దివ్యాంగుల పింఛనుకు కావాల్సింది 40 శాతం. కాలు ఒక్కటే చూపించినవాడికి 30 దగ్గరే ఆగిపోతుంది. 2023లో 4,016 రూపాయలైన పింఛను అలా చేతికందకుండా పోతుంది.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ విషయంలో జరిగింది ఇదే. హైదరాబాద్‌లో బిల్డింగ్ పనిలో పైనుంచి పడి కాలు విరిగింది. అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే చెవుల్లో మాటలు వినిపించే జబ్బుంది. మొదటిసారి సర్టిఫికెట్ క్యాంపులో ఆ సంగతి దాచారు, శాతం చాలలేదు. మళ్లీ వచ్చినప్పుడు కూడా ఆయన భార్య డాక్టర్లు రాసిన పాత చీటీలున్న కవరును కొంగు కింద పట్టుకునే కూర్చుంది. "ఆడపిల్ల ఉన్నది మేడం, రేపు సంబంధం చూడాలె" అంది. ఆమె భయం నాకు అర్థమైంది. కానీ ఆమెకు కావాల్సిన రుజువంతా ఆ కవరులోనే ఉంది. మానసిక వైకల్యాన్ని కొలిచే ఐడియాస్ స్కేలులో జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నదానికి విడిగా 1 నుంచి 4 మార్కులుంటాయి. పాత చీటీలు లేకపోతే ఆ ఏళ్లకు రుజువేది?

అపోహ: కాలో చెయ్యో పోయినవాడికి దిగులు సహజం, దాన్ని జబ్బని ఎందుకు లెక్కించాలి?

చదువుకున్నవాళ్లు కూడా ఇలాగే అంటారు. దిగులు మనిషిని ఎంతవరకు ఆపేసిందన్నదే మేం చూసేది. ఐడియాస్‌లో నాలుగు విషయాలుంటాయి: తన పని తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, పని. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. జబ్బు కాలం మార్కులూ కలిపి 20కి లెక్క. 7 వస్తే 40 శాతానికి చేరినట్టే.

శరీరం వల్ల ఆగిన పనిని, మనసు వల్ల ఆగిన పనిని విడదీయడమే ఇందులో కష్టం. మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో నడుం వంగిపోయిన ఒక అవ్వను "స్నానం ఎందుకు చేస్తలేవు?" అని అడిగాను. "చెయ్యి పైకి లేవది బిడ్డా" అంది. అది ఎముకల డాక్టరు లెక్క. "కోడలు నీళ్లు పోస్తనంటే?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఎందుకు పోసుకోవాలె? ఎవలకు చూపియ్యాలె?" అంది. ఇది నేను రాసుకోవాల్సిన జవాబు. తిండి, నిద్ర, బతకాలన్న ఆశ, ఒక్కొక్కటీ అడుగుతూ పోతే రెండేళ్లుగా ముదిరిన డిప్రెషన్ బయటపడింది. నడుం వంగడాన్ని చూసి అందరూ అక్కడే ఆగిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన హూడాస్ 2.0 అనే ప్రశ్నల పట్టిక మాత్రం ఏ జబ్బు వల్ల అని అడగదు. గత 30 రోజుల్లో ఏ పని ఎంత కష్టమైందో అడుగుతుంది. మనిషి పరిస్థితి మొత్తంగా తెలియడానికి అది బాగా పనికొస్తుంది, కానీ మన సర్టిఫికెట్ దాని మీద రాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. షుగర్, బీపీ ఉన్నంత మాత్రాన శాతం రాదు. షుగర్ వల్ల కాలు తీసేసినా, చూపు పోయినా ఆ నష్టానికి వస్తుంది. ఐక్యూ పరీక్ష మేధో వైకల్యానికి చేసేది, డిప్రెషన్‌కు కాదు. ఇంటిపని చేసుకునే ఆడవాళ్లకు 'పని' మార్కులు ఉండవనేది కూడా అబద్ధమే, ఇంటిపనీ లెక్కలోకి వస్తుంది.

ఒక్కదానికి మాత్రం కోపమొస్తుంది. క్యాంపుకు వారం ముందు మందులు ఆపేస్తే జబ్బు బాగా కనపడుతుందని దళారులు చెబుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అలా ఆపి, నిద్ర లేక, అర్ధరాత్రి ఇల్లు వదిలి వెళ్లిపోయినవాళ్లను నేను చూశాను. మేం ఆ ఒక్క రోజు వాలకం చూసి మార్కులు వేయం, ఇంట్లోవాళ్లను అడిగి వేస్తాం. కాబట్టి పక్కన కూర్చుని రోజూ చూసే మనిషిని, మొదటి చీటీ నుంచి అన్ని కాగితాలను తీసుకురండి. మందులు ఇప్పటికే ఆపి ఉంటే క్యాంపు తేదీ దాకా ఆగకండి. ఈరోజే మీ డాక్టరును కలవండి, కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టనక్కర్లేదు.