ఒకే సీఎస్‌వీకి నాలుగు పేర్లెందుకు?

ఎక్సెల్ ఫైలును సీఎస్‌వీగా, అంటే విలువల మధ్య కామాలు పెట్టిన సాదా అక్షరాల ఫైలుగా, భద్రపరచబోతే జాబితాలో నాలుగు సీఎస్‌వీలు కనిపిస్తాయి: మామూలుది, మాకింతోష్‌ది, ఎంఎస్-డాస్‌ది, యూటీఎఫ్-8ది. చాలామంది మామూలుది నొక్కేసి ముందుకు వెళతారు. ఫైలు అందుకున్నవాళ్లు పేర్లకు బదులు ప్రశ్నార్థకాలు వచ్చాయని ఫోను చేసినప్పుడు గానీ మిగతా మూడూ ఎందుకున్నాయన్న అనుమానం రాదు.

కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగా దాచుకుంటుంది, ఏ అక్షరానికి ఏ సంఖ్యో చెప్పేది పట్టిక. అలాంటి పట్టికే 1963లో వచ్చిన ఆస్కీ ప్రమాణం, దానికి 7 బిట్లు చాలాయి. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు, నియంత్రణ సంకేతాలు అన్నీ 128 సంఖ్యల్లో ఇమిడిపోయాయి. బైటు 8 బిట్లకు స్థిరపడ్డాక 128 నుంచి 255 వరకు సంఖ్యలు ఖాళీగా మిగిలాయి. ఖాళీ స్థలాన్ని ఎవరికి వారే ఆక్రమించుకున్నారు. 1981లో ఐబీఎం పీసీ తన 437వ కోడ్ పేజీ అనే పట్టికలో కొన్ని ఐరోపా అక్షరాలను, పెట్టెలు గీసే గీతలను, గ్రీకు గుర్తులను పెట్టింది. 1984లో మాకింతోష్ మరో పట్టికతో వచ్చింది. విండోస్ 1252 అనే ఇంకో పట్టిక పట్టుకొచ్చింది.

నెత్తిన వాలుగీత ఉన్న ఫ్రెంచి చిన్న ‘ఇ’నే (é) చూడండి. ఐబీఎం పీసీలో దాని సంఖ్య 130, మాక్‌లో 142, విండోస్‌లో 233. విండోస్‌లో రాసిన ఆ 233ను డాస్‌తో నడిచే ఐబీఎం పీసీ చదివితే గ్రీకు థీటా వస్తుంది. మాక్ చదివితే గీత అటు తిరిగి, అక్షరం పెద్దదై వస్తుంది. సంఖ్య ఇస్తే అక్షరం చూపే చార్ అనే ఎక్సెల్ ఫార్ములాకు కూడా ఏ యంత్రంలో ఉంటే ఆ యంత్రం పట్టికే ప్రమాణం. అందుకే ఒకే గడి రెండు చోట్ల రెండు అక్షరాలు చూపేది.

1991లో అన్ని భాషల అక్షరాలకూ ఒకే పట్టికగా యూనికోడ్ తొలి కూర్పు వెలువడింది. ఎక్సెల్ 97 నుంచి లోపలి నిల్వ యూనికోడే. ఎక్సెల్ సొంత ఫైళ్లలో తెలుగు చెక్కుచెదరదు. ఇబ్బందంతా గడప దాటేటప్పుడే. సీఎస్‌వీ వట్టి బైట్ల వరుస, అవి ఏ పట్టికవో చెప్పే చోటు అందులో లేదు. 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే ఇంటర్నెట్ పత్రం దానికొక రూపం ఇచ్చినా, పట్టిక పేరును నెట్‌వర్కులో ఫైలుతో పాటు పంపే వివరాల్లోనే ఉంచింది. డిస్కు మీదికి దించుకోగానే ఆ పేరు పోతుంది.

యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ‘అ’ మూడు బైట్లు: 224, 176, 133. వీటిని 1252తో చదివితే గీత ఉన్న ఇంగ్లిషు ‘ఎ’ (à), డిగ్రీ గుర్తు, మూడు చుక్కలు కనిపిస్తాయి. మన పొల్లు ఇంకా చిక్కు. దాని మూడో బైటు 141కి 1252లో ఏ అక్షరమూ లేదు. కొన్ని ప్రోగ్రాములు దాన్ని ఊరికే వదిలేస్తాయి, ఇక ఒత్తులన్నీ విడిపోతాయి.

తప్పుగా చదవడం వేరు, తప్పుగా రాయడం వేరు. చదవడంలో తప్పు జరిగితే బైట్లు పదిలంగానే ఉంటాయి, సరైన పట్టికతో మళ్లీ తెరిస్తే సరి. 1252 నడిచే యంత్రంలో ‘అమ్మ’ను మామూలు సీఎస్‌వీగా భద్రపరిస్తే ఫైల్లోకి వెళ్లేవి నాలుగు ప్రశ్నార్థకాలు. వాటి నుంచి అమ్మను ఎవరూ తిరిగి తేలేరు. ఇంత నష్టానికి ముందు కచ్చితమైన హెచ్చరిక ఉండాలి. ఈ విషయంలో లిబ్రెఆఫీస్ పద్ధతి నయం, సీఎస్‌వీ తెరిచేటప్పుడు ఏ పట్టిక అని అడుగుతుంది. విసుగే, కానీ నిజాయితీ.

యూటీఎఫ్-8 సీఎస్‌వీ అన్న పేరు ఎక్సెల్ 2016 కాలంలో గానీ జాబితాలో చేరలేదు. అది ఫైలు మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్ల గుర్తు పెడుతుంది. ఆ గుర్తు ఉంటే ఎక్సెల్ ఫైలును సరిగ్గా తెరుస్తుంది. కానీ దాన్ని ఎరగని కొన్ని ప్రోగ్రాములు మొదటి నిలువు వరుస శీర్షికలో భాగమనుకుని, ఆ శీర్షికే లేదని మొరాయిస్తాయి.

గుర్తు లేని ఫైలు వస్తే రెండుసార్లు నొక్కి తెరవకుండా, డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలుగా దిగుమతి చేసుకుని, ఫైలు మూలం దగ్గర 65001 ఎంచుకోవాలి. విండోస్ లెక్కలో అది యూటీఎఫ్-8 సంఖ్య.