పడవ కొనేముందు పలక ఎత్తి చూడండి

చిన్నోడా, బుజ్జితల్లీ,

మొన్న వీడియో కాల్లో ఇద్దరూ ఒకటే గోల. "అమ్మమ్మా, పెద్దయ్యాక మేం కూడా మీలాగే ఇంగ్లండులో కాలువ పడవ కొనుక్కుంటాం, ఏం చూసి కొనాలో చెప్పు" అని. మీ తాతయ్య వెనకనుంచి "జేబు చూసుకోవాలి" అని ఒక మాట విసిరి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయారు. ఫోన్లో చెబితే మీరు సగం వినరు, అందుకే రాస్తున్నాను.

ముందుగా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. పడవ కొనేనాటికి మాకూ ఏమీ తెలీదు. నేను మాత్రం తెలుసనే అనుకున్నాను. పుట్టింది కోనసీమలో, మా వీధి అరుగు మీంచి చూస్తే కాలువే. ధాన్యం పడవలూ కొబ్బరికాయల పడవలూ చూస్తూ పెరిగాను. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు లాగుతూ నడిచేవారు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాక తవ్విన కాలువలు పొలాలకి నీళ్ళే కాదు, ఊళ్ళకి దారి కూడా ఇచ్చాయి. లాకుల దగ్గర, అంటే నీటిమట్టం మారేచోట పడవని ఎక్కించే, దించే తలుపుల గదుల దగ్గర, పడవ ఆగితే మా అన్నయ్యలు ఎక్కి కూర్చునేవారు, లాకులు చూసుకునే లస్కర్లు కేకలేసేవారు. అవన్నీ చూశాను కదా, ఇంగ్లండు కాలువ నాకో లెక్కా అనుకున్నాను. కాలువ గట్టున పుట్టినంత మాత్రాన పడవ బేరం వస్తుందా!

ఇక్కడి కాలువలు మన గోదావరి కాలువల్లా వెడల్పు కాదు. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకి లాకులు ఏడడుగుల వెడల్పుతో కట్టాడు. ఆ కాలువ 1777లో పూర్తయింది. తక్కువ ఖర్చు, తక్కువ నీళ్ళు అని ఇంగ్లండు నడుమనున్న మిడ్‌లాండ్స్‌లో చాలామంది అదే కొలత పట్టుకున్నారు. అందుకే ఈనాటికీ మా పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలే. కిందటి వేసవిలో చూశారుగా, మంచం అడ్డంగా వేస్తే అవతలికి వెళ్ళడానికి దాని మీదెక్కి పాకాలి. పొడవు మాత్రం 57 అడుగులు. ఉత్తరాన కాల్డర్ అండ్ హెబుల్ కాలువ లాంటి చోట్ల లాకులు పొట్టివి, 57 దాటితే ఇరుక్కుంటుంది. డెబ్భై అడుగుల పడవ చవగ్గా వస్తోందని కొంటే ఇల్లు పెద్దదవుతుంది, తిరిగే దేశం చిన్నదవుతుంది.

సరే, మేం మొదట చూసిన పడవ సంగతి చెప్తాను. జూలై నెల. పడవ పైన కుండీల్లో ఎర్రటి పూలు. తలుపుల మీద పాతకాలం పడవవాళ్ళ పద్ధతిలో గులాబీలూ కోటలూ బొమ్మలు వేసి ఉన్నాయి. లోపల రాగి కెటిల్, లేసు తెరలు, చిన్న ఇనప పొయ్యి. 38 వేల పౌండ్లు. నేను వంటగది అరమరలు తీసి ఇక్కడ కందిపప్పు, ఇక్కడ ఆవకాయ జాడీ అని మనసులో సర్దేసుకుంటున్నాను. మీ తాతయ్య చెక్కుబుక్కు జేబులో పెట్టుకునే వచ్చారు.

పక్క పడవలో ఒక ముసలాయన కూర్చుని పైపు కాలుస్తున్నాడు. మేం బయటికొచ్చాక మెల్లగా అడిగాడు, "వెనక మెట్టు కింద పలక ఎత్తి చూశారా?" అని.

మళ్ళీ లోపలికి వెళ్ళాం. మెట్టు కింద పుస్తకమంత చిన్న మూత ఉంది. స్క్రూడ్రైవరుతో లేపి టార్చి వేస్తే, నేల పలకల కింద నీళ్ళు. రెండంగుళాల లోతు, చిక్కటి టీ రంగు, పాత బావి వాసన. బరువు కోసం పేర్చిన కాంక్రీటు పలకలు అందులో నాని ఉన్నాయి. అమ్మేవాడు తడుముకోకుండా "చలికాలం చెమ్మ అండీ" అన్నాడు. చెమ్మ పట్టడం అబద్ధం కాదు, చలికాలంలో ఇనప గోడలకి నీళ్ళు కారతాయి. కానీ జూలైలో రెండంగుళాలా?

అయినా నాకు ఆ రాగి కెటిల్ మీంచి మనసు మళ్ళలేదు. సర్వే చేయిద్దాం అన్నాను. పడవని క్రేనుతో గట్టు మీదికి ఎత్తించి, మనం డబ్బిచ్చి పెట్టుకున్న సర్వేయరుతో చూపించుకోవడం అన్నమాట. అమ్మేవాడు తన దగ్గరున్న పాత సర్వే కాయితం ఇస్తానన్నాడు, వద్దన్నాం. సర్వేయరు గొంగళి పురుగులా పడవ అడుగుకి దూరి, గీకుడు బద్దతో తారు చెక్కి, నాణెమంత మేర ఇనుము మెరిసేలా చేసి, అక్కడ చిన్న యంత్రం ఆనించేవాడు. అది కీచుమనగానే పక్కన సుద్దతో అంకె వేసేవాడు. 5.6, 5.4, 5.5... నేను మార్కుల లిస్టు చూసినట్టు చూస్తున్నాను. నీటిమట్టం దగ్గరికి వచ్చేసరికి 4.2. ఇంకాస్త వెనక్కి వెళితే 3.7.

అవి మిల్లీమీటర్లు. పడవ కట్టిననాడు ఆ రేకు 6. చిన్నోడా, నీ పెన్సిలు మందం ఏడు. పెన్సిలు మందం కూడా లేని ఇనుముకి ఇవతల మనం, అవతల కాలువ. ఆ ఇనుము నాలుగు కంటే పలచబడితే బీమా కంపెనీలు సాధారణంగా మొహం చాటేస్తాయి. అప్పుడు పైన కొత్త రేకు వెల్డింగు చేయించాలి, దానికి వేల పౌండ్లు.

అంతలా ఎందుకు తినేసిందో సర్వేయరు చెప్పాడు. బుజ్జితల్లీ, ఇది నీ పదో తరగతి సైన్సే. ఆ పడవ ఏళ్ళ తరబడి ఒకేచోట గట్టు కరెంటు ప్లగ్గులో పెట్టి ఉంది. ఆ ప్లగ్గు ఎర్తు తీగ ద్వారా పక్క పడవలన్నిటి ఇనుమూ ఒకదానికొకటి కలిసిపోతుంది, మధ్యలో నీళ్ళు. వెరసి కాలువంతా ఒక బ్యాటరీ. అందులో బలహీనమైన లోహం కరుగుతుంది. అందుకే పడవ అడుగున మెగ్నీషియం దిమ్మలు అతికిస్తారు, ఇనుము బదులు అవి కరగడానికి. ఆ పడవకున్న దిమ్మలు ఎప్పుడో అరిగిపోయి మొండి చువ్వలు మిగిలాయి. ఎర్తు తీగ మీద ఈ చిన్న కరెంటుని ఆపే పరికరం ఒకటుంటుంది, అదీ లేదు. రెండు మూడేళ్ళకోసారి పూయాల్సిన తారు ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలీదు.

ధర తగ్గించమంటే అమ్మేవాడు కోప్పడ్డాడు. మేం లేచి వచ్చేశాం. సర్వేకీ క్రేనుకీ వెయ్యి పౌండ్లు దండగయ్యాయని మీ తాతయ్య ఇప్పటికీ అంటారు. ముప్పై ఎనిమిది వేలు మిగిలాయిగా అని నేనంటాను.

తర్వాత ఫిబ్రవరిలో కొన్నాం ఇప్పటి పడవ. ఫిబ్రవరి అని కావాలనే చెప్తున్నా. పడవ చూడాలంటే చలిలో, వానలో చూడాలి, కిటికీ అంచుల్లో కారేది అప్పుడే తెలుస్తుంది. చెప్పిన టైముకంటే ఓ గంట ముందే వెళ్ళి ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే మీకోసం ముందే తిప్పి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను మీ కళ్ళముందు స్టార్టవ్వాలి. కాసేపటికి కూడా నీలం పొగ ఆగకపోతే ఆయిలు తాగుతోందని అర్థం.

కాయితాల సంగతి వింటే మీ నాన్న నమ్మడు. మన దగ్గర స్కూటరుకి ఆర్‌సీ ఉంటుంది కదా, ఇక్కడ కాలువ పడవకి అలాంటిది లేదు. ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు అమ్మారో పాత రసీదుల దొంతర చూసుకోవాలి. నడపడానికి లైసెన్సు అక్కర్లేదు, పడవకి మాత్రం కావాలి. దాన్ని ఇక్కడి కాలువల్ని చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ ఇస్తుంది, బీమా, బోటు సేఫ్టీ సర్టిఫికెట్ ఉంటేనే. నాలుగేళ్ళకోసారి తీసుకునే ఆ సర్టిఫికెట్ చూపించి "పడవ బ్రహ్మాండం" అంటారు జాగ్రత్త. అందులో చూసేది గ్యాసు, కరెంటు, నిప్పు ప్రమాదాలు. అడుగు ఇనుము గురించి ఒక్క ముక్క ఉండదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందని బండి బ్రేకులు బావున్నట్టా?

కొన్నాక ఎక్కడ కట్టేస్తారు? ఇది కొనేముందే తేల్చుకోవాలి, చాలామంది కొన్నాక ఏడుస్తారు. పడవని ఎప్పుడూ కట్టేసుకోవడానికి ఒక అద్దె రేవు లేకపోతే 1995 నాటి కాలువల చట్టం ప్రకారం ఒకచోట 14 రోజులకి మించి ఉండకూడదు, కదులుతూనే ఉండాలి. పైగా అలాంటి పడవలకి 2024 ఏప్రిల్ నుంచి లైసెన్సు రుసుం కూడా ఎక్కువే. మాలాంటి రిటైరైనవాళ్ళకి పర్లేదు. రోజూ బడికో ఆఫీసుకో వెళ్ళాల్సినవాళ్ళ సంగతి ఆలోచించండి.

మరుగుదొడ్డి గురించి రాయను. పెట్టె నిండితే మోసుకెళ్ళి పారబోసేది తాతయ్యే, ఆయన్నే అడగండి.

కానీ వెనకున్న ఇనప మూత గురించి చెప్పాలి. పడవని నెట్టడానికి అడుగున తిరిగే పంకాకి సరిగ్గా పైన, ఇంజను వెనక ఒక చిన్న బావిలాంటిది ఉంటుంది. పంకాకి ఏదైనా చుట్టుకుంటే ఇంజను ఆపి, తాళం చెవి తీసి, ఆ మూత తెరిచి చెయ్యి పెట్టి లాగాలి. కొన్న మూడో వారం బర్మింగ్‌హామ్ దాటుతుంటే పడవ మూలిగి ఆగిపోయింది. మీ తాతయ్య భుజందాకా ఆ చల్లటి నీళ్ళలో చెయ్యి దూర్చి గంటన్నర రొట్టె కోసే కత్తితో కోశారు. ముక్కలు ముక్కలుగా వచ్చింది చీర! ఆకుపచ్చ చీర, జరీ అంచు. ఎవరు నిమజ్జనం చేశారో ఏమో. లండన్‌లో సౌతాల్ దగ్గర గ్రాండ్ యూనియన్ కాలువలో పూజ చేసి వదిలిన కొబ్బరికాయలు తేలుతుంటాయి, గంగ లేకపోతే ఏదో ఒక కాలువ అని మనవాళ్ళు సరిపెట్టుకుంటారు. నేను అంచు ముక్క ఉతికి ఆరేస్తుంటే ఆయన సంబరంగా ఇంజను తిప్పబోయారు. మూత బిగించలేదు! నేను అరవకపోతే పంకా నీళ్ళని ఎగజిమ్మి ఇంజను గది నింపేది. అలా మునిగిన పడవలున్నాయి. కొనేటప్పుడు ఆ మూత, దాని కింది రబ్బరు పట్టీ సరిగా కూర్చుంటున్నాయో లేదో మీరే తీసి పెట్టి చూడండి. అమ్మేవాడు చూపిస్తానంటే, చూపించాక కూడా మీరు ఇంకోసారి తీయండి.

ఇవన్నీ చదివి భయపడకండి. ముందు ఒక వారం అద్దె పడవ తీసుకుని తిరగండి. లాకులు మీరే తెరుచుకోవాలి, ఇక్కడ చాలాచోట్ల లస్కర్లు లేరు. కిందికి దిగేటప్పుడు పడవ వెనక భాగం లాకు లోపలి రాతి గడప మీద ఆనకుండా ముందుకి జరిపి ఉంచాలి. లేదంటే నీళ్ళు దిగిపోతుంటే తోక గడప మీద చిక్కుకుని ముక్కు కిందికి వేలాడుతుంది. గోడ మీద తెల్ల గీత ఉంటుంది, దానికి ముందుండాలి. కిందటిసారి ఆ గీత చూస్తూ నిలబడే డ్యూటీ నీదే కదరా చిన్నోడా, బిస్కెట్లు తింటూ కూడా బాగానే చేశావు.

ఈసారి వచ్చేటప్పుడు చక్రాల సూట్‌కేసులు వద్దు, పెట్టడానికి చోటు లేదు. మెత్తటి సంచుల్లో సర్దుకోమని అమ్మతో చెప్పండి. మేలో పడవని గట్టెక్కించి తారు పూయిస్తున్నాం. మీరు అప్పటికి వచ్చేస్తే ఒక పక్క మీకు వదిలేస్తానంటున్నారు తాతయ్య. పాత బట్టలు ఒక జత తెచ్చుకోండి. ఎండు గోంగూర కూడా.

మీ అమ్మమ్మ