అత్తిపత్తికి టైము ఎవరు చెప్పారు?

చిన్నారులూ,

సెలవుల్లో అలారం పెట్టకపోయినా బడి టైముకే మెలకువ వచ్చేస్తోంది, ఎందుకు తాతయ్యా అని మీలో ఒకరు అడిగారు. దాదాపు మూడు వందల ఏళ్ళ కిందట ఒక ఖగోళ శాస్త్రవేత్తకు ఇలాంటి సందేహమే ఒక మొక్కను చూసి వచ్చింది.

అత్తిపత్తి ముట్టుకుంటే ముడుచుకుంటుందని మీకు తెలుసు. ముట్టుకోకపోయినా పొద్దు వాలేసరికి దానంతటదే ముడుచుకుంటుంది. చిన్న చిన్న ఆకులు జంటలు జంటలుగా, అరచేతులు జోడించినట్టు దగ్గరికొస్తాయి. కాడ మెల్లగా కిందికి వాలుతుంది. తెల్లారాక మళ్ళీ అన్నీ విచ్చుకుంటాయి. ఇదంతా ఎండ వల్లే అనుకుంటాం కదా? 1729లో ఫ్రాన్స్‌లో ఆ ఖగోళ శాస్త్రవేత్త, డి మైరాన్, ఈ మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. వెలుతురు లేకపోయినా ఆకులు పగలు విచ్చుకున్నాయి, రాత్రి ముడుచుకున్నాయి. మరి సూర్యుణ్ణి చూడకుండానే ఎలాగో పసిగడుతోందా? ఆ అనుమానం తీరడానికి నూరేళ్ళు పట్టింది. 1832లో డి కండోల్ అనే ఆయన అత్తిపత్తిని రాత్రీపగలూ వెలుతురులోనే ఉంచితే, ఆకులు 22, 23 గంటలకే ఒక చుట్టు పూర్తి చేశాయి. సూర్యుణ్ణి బట్టి నడుస్తుంటే 24 గంటలు పట్టాలిగా! అంటే గడియారం మొక్క లోపలే ఉంది. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మనలోనూ ఉంది. 1962లో మిషెల్ సీఫ్ర్ అనే యువకుడు వాచీ లేకుండా ఒక గుహలో రెండు నెలలు గడిపాడు. సెప్టెంబరు 14న బయటికి రమ్మంటే, ఆ రోజు ఆగస్టు 20 అనుకున్నాడు! మనసు లెక్క అంత తప్పినా ఒళ్ళు మాత్రం సుమారు ఇరవై నాలుగున్నర గంటలకొక చుట్టు చొప్పున పడుకుంటూ లేస్తూనే ఉంది. ఆ మిగులు నిమిషాలను మనకు రోజూ పొద్దుటి వెలుతురు సరిచేస్తుంది. మీ మెలకువ వెనకున్నది ఆ లోపలి గడియారమే.

ఇక వారం సంగతి. ఏడాది సూర్యుడిది, నెల చంద్రుడిది. ఏడు రోజుల వారానికి మాత్రం ఆకాశంలో ఏ కొలతా లేదు. చంద్రుడి చుట్టు ఇరవై తొమ్మిదిన్నర రోజులు, అందులో ఏడు సరిగ్గా ఇమడదు. ఇది మనుషులు పెట్టుకున్న లెక్క. కాబట్టి మార్చడం తేలికే అనిపిస్తుంది. 1929లో సోవియట్ యూనియన్ మార్చింది. యంత్రాలు ఒక్కరోజు కూడా ఆగకూడదని ఐదు రోజుల వారం పెట్టి, పనివాళ్ళను ఐదు గుంపులు చేసి, గుంపుకో రంగు ఇచ్చారు. ఒక్కో రంగుకు ఒక్కో రోజు సెలవు. వారానికి ఐదు రోజులే కనుక సెలవు తొందరగానే వచ్చేది. కానీ అమ్మకు ఒకరోజు, నాన్నకు ఇంకోరోజు వస్తే? సెలవుంది, ఇంట్లో మనిషి లేరు. జనం గొణిగారు. 1931లో ఆరు రోజుల వారం పెట్టి అందరికీ ఒకే సెలవు ఇచ్చారు. 1940లో మళ్ళీ ఏడు రోజులకే, ఆదివారానికే వచ్చేశారు. ఆదివారం విలువ పని లేకపోవడంలో కంటే అందరికీ ఒకేసారి లేకపోవడంలో ఉందని నా నమ్మకం.

వీలైతే ఒక అత్తిపత్తి కుండీ తెచ్చి రెండు రోజులు చీకటి గదిలో ఉంచండి. ఊరికే తలుపు తీయకండి, టార్చి వేసినా ఒక్క క్షణమే. ముట్టుకోకండి. ఏ టైముకు ఆకులు ఎలా ఉన్నాయో కాగితం మీద రాసి నాకు పంపండి.

మీ తాతయ్య