ఇద్దరిదీ ఇంగ్లిషేగా! బ్రిటన్, అమెరికాల గురించి నేను రోజూ వినే అపోహలు - వాస్తవాలు

వీసా చేతికొచ్చి, ఆవకాయ ఎన్ని కవర్లు చుడితే కారకుండా ఉంటుందా అని ఆలోచించే దశలో జనం, విదేశాల మాటతీరూ పద్ధతులూ నేర్పే నా క్లాసుకి వస్తారు. ఆన్‌సైట్‌కి వెళ్ళే ఉద్యోగులు, మాస్టర్స్‌కి వెళ్ళే పిల్లలు, నర్సులు. లండన్ క్లయింట్‌తోనో డాలస్ క్లయింట్‌తోనో ఇక్కడి నుంచే పనిచేసే హైదరాబాద్ టీములకూ చెబుతుంటాను. జర్మనీ, జపాన్ వెళ్ళేవాళ్ళు ఏమీ తెలియదన్న భయంతో వస్తారు, చెప్పింది రాసుకుంటారు. బ్రిటన్, అమెరికా వెళ్ళేవాళ్ళు మాత్రం వెనక బెంచీలో ఫోన్ చూస్తూ కూర్చుంటారు. సినిమాలు చూశాం, ఇంగ్లిష్ వచ్చు, ఇంకేం కావాలన్న ధీమా. దెబ్బ తినేదీ వాళ్ళే.

అపోహ: బ్రిటిష్‌వాళ్ళు ముభావంగా ఉంటారు, అమెరికన్లు కలుపుగోలు మనుషులు

ఒక టీము ముచ్చట చెబుతాను. లండన్ క్లయింట్ డిజైన్ చూసి, ‘క్వైట్ గుడ్, మూడో స్క్రీన్ విషయం వీలైతే ఇంకోసారి చూస్తారేమో’ అని మెయిల్ పెట్టాడు. టీమ్ లీడ్ సంబరపడి అందరికీ బిర్యానీ తెప్పించాడు. మూడో స్క్రీన్ జోలికి ఎవరూ పోలేదు. తర్వాతి వారం విషయం పైవాళ్ళ దాకా వెళ్ళింది. ‘చెప్పాం కదా, పట్టించుకోలేదు’ అని అటువైపు ఫిర్యాదు.

అమెరికన్ నోట ‘క్వైట్ గుడ్’ అంటే చాలా బాగుందని. ఇంగ్లండ్‌లో చాలాసార్లు దాని అర్థం ‘ఆ, ఫర్వాలేదు’ అనే. ‘వీలైతే చూస్తారేమో’ అంటే మార్చి తీరాలని.

నిజానికి ఇది మనకి కొత్త విద్యేమీ కాదు. పెళ్ళిచూపులయ్యాక ‘ఇంటికెళ్ళి కబురు చేస్తాం’ అంటే ఎవరికి అర్థం కాదు? ఆ చెవితోనే లండన్ మెయిల్ చదవండి అని చెబుతాను. ఒక్క ఉదాహరణతో క్లాసులో సగం మందికి విషయం ఎక్కేస్తుంది.

అమెరికన్ల దగ్గర చిక్కు ఇంకో రకం. ‘ఆసమ్’, ‘గ్రేట్ జాబ్’ అక్కడ నమస్కారంతో సమానం. మేనేజర్ రెండు వాక్యాలు పొగిడి, మూడో వాక్యంలో అసలు సంగతి చెబుతాడు. మనవాళ్ళు మొదటి రెండూ విని ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటారు. ‘ఎప్పుడైనా లంచ్‌కి కలుద్దాం’ అన్నా అంతే, తేదీ చెప్పేదాకా అది పిలుపు కాదు. అందుకే లండన్ మాటని రెండింతలు చేసుకోండి, డాలస్ మాటని సగం చేసుకోండి అంటాను. ఇది మోటు లెక్కే. న్యూయార్క్ మనిషీ టెక్సస్ మనిషీ ఒకేలా మాట్లాడరు. లండన్‌ మాటకీ స్కాట్లండ్‌లోని గ్లాస్గో మాటకీ ఎంత దూరమో అక్కడివాళ్ళే చెబుతారు.

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో చదివే ఒకమ్మాయి, షాపులో రోజూ ‘యూ ఆల్‌రైట్?’ అని అడుగుతుంటే తన మొహం పీక్కుపోయిందేమోనని వారం రోజులు టెన్షన్ పడిందట. అది అక్కడి ‘ఏంటి సంగతులు’. జవాబుగా తనూ ‘ఆల్‌రైట్?’ అనేస్తే సరిపోయేది.

ఒకే మాట రెండు చోట్లా తిరగబడే సందర్భాలూ ఉన్నాయి. మీటింగులో ‘టేబుల్ చేద్దాం’ అంటే బ్రిటన్‌లో ఇప్పుడే చర్చిద్దామని. అమెరికాలో పక్కన పెడదామని. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్, అమెరికన్ అధికారుల సమావేశంలో ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదన నడిచిందని చర్చిల్ రాసుకున్నారు. తీరా చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటేనట.

అపోహ: బ్రిటన్‌లో వైద్యం ఫ్రీ, అమెరికాలో డబ్బు లేకపోతే ఆసుపత్రి గడప తొక్కనివ్వరు

రెండూ సగం నిజాలే. 1948 జూలై 5న మొదలైన బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో డాక్టర్‌ని చూసినందుకు బిల్లు ఉండదు, అది నిజం. కానీ మన పిల్లలు వీసా ఫీజుతో పాటే హెల్త్ సర్‌చార్జ్ కట్టి వెళ్తారు. 2024 ఫిబ్రవరి నుంచి అది ఏడాదికి విద్యార్థికి 776 పౌండ్లు, పెద్దవాళ్ళకు 1,035. హెల్త్ అండ్ కేర్ వీసా మీద వెళ్ళే నర్సులకు మాత్రం మినహాయింపు. ఇంగ్లండ్‌లో మందుల చీటీకి ఒక్కో ఐటమ్‌కి 9.90 పౌండ్లు (2024 మే నుంచి). స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఆ చార్జీ లేదు. పంటి వైద్యానికి వేరే రేట్లు. అసలు కట్టాల్సింది ఓపిక రూపంలో. ఇక్కడిలా పొద్దున ఫోన్ చేసి సాయంత్రం స్పెషలిస్టుని చూడటం కుదరదు, ముందు జీపీ (మన పేటలోని మామూలు డాక్టర్) పంపాలి.

అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం, మెడికేర్ (ప్రధానంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే బీమా) తీసుకునే ఆసుపత్రుల ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బుందా లేదా అని చూడకుండా పరీక్షించాలి, పరిస్థితి నిలకడపడేదాకా వైద్యం చేయాలి. గడప తొక్కనిస్తారు. బిల్లు తర్వాత ఇంటికొస్తుంది, బాధంతా అక్కడ. అందుకే అమెరికా బ్యాచ్‌కి ఒక పూటంతా డిడక్టిబుల్ (బీమా చెల్లింపు మొదలయ్యేలోపు మన జేబులోంచి పెట్టాల్సింది), కోపే (వెళ్ళినప్పుడల్లా మనం కట్టే వాటా), ఇన్-నెట్‌వర్క్ (బీమా కంపెనీతో ఒప్పందమున్న డాక్టర్లు, ఆసుపత్రులు) అనే మూడు మాటలకే పోతుంది.

అపోహ: అంతస్తుల పట్టింపు ఇంగ్లండ్‌లోనే, అమెరికాలో అందరూ సమానం

ఇంగ్లండ్‌లో పట్టింపు ఉంది, అది చెవికి వినిపిస్తుంది. యాసని బట్టి, రాత్రి తిండిని ‘టీ’ అంటున్నారా ‘సప్పర్’ అంటున్నారా అన్నదాన్ని బట్టి ఎదుటి మనిషిది ఏ ఊరో, ఎలాంటి ఇల్లో అంచనా వేసేస్తారు. డబ్బొచ్చినంత మాత్రాన అది మారదు. పేరు విని మోసపోకండి, ఈటన్ లాంటి ‘పబ్లిక్ స్కూల్’ అంటే అక్కడ భారీ ఫీజుల ప్రైవేటు బడి. అమెరికాలో పబ్లిక్ స్కూల్ అంటే సర్కారు బడే.

అమెరికాలో అంతస్తు జిప్ కోడ్‌లో (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో బడి నిధుల్లో పెద్ద వాటా ఆ ప్రాంతపు ఇంటి పన్నుల నుంచే వస్తుంది. ఖరీదైన ఇళ్ళున్న చోట బడికి డబ్బెక్కువ, మంచి బడి ఉన్నచోట ఇళ్ళు ఇంకా ఖరీదు. మన తెలుగువాళ్ళు టెక్సస్‌లో ఇల్లు కొనేటప్పుడు వాస్తు తర్వాత చూసేది స్కూల్ రేటింగే. (కొన్ని ఇళ్ళలో వాస్తు కంటే ముందే.) అలా కొంటూనే ‘ఇక్కడ క్లాస్ తేడాల్లేవండీ’ అంటారు. బ్రిటన్‌లోనూ మంచి బడి చుట్టుపక్కల ఇళ్ళ ధర ఎక్కువే, కాకపోతే బడికి డబ్బు ప్రధానంగా ప్రభుత్వం నుంచే వస్తుంది.

అపోహ: రాజుగారే చర్చికి పెద్ద కాబట్టి బ్రిటన్‌లో మతం ఎక్కువ

కాగితం మీద నిజమే. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కి రాజు అధినేత, 26 మంది బిషప్పులు హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూర్చుంటారు. కానీ 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో తమకు ఏ మతమూ లేదన్నవాళ్ళు 37.2 శాతం. 2003లో అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్‌ని భక్తి గురించి ఓ విలేకరి అడగబోతే, ఆయన ప్రచార వ్యవహారాలు చూసే అలస్టెయిర్ కాంప్‌బెల్ ‘మేం దేవుడి జోలికి పోం’ అని అడ్డుపడ్డారు. అధికారిక మతం ఉండకూడదని రాజ్యాంగంలో రాసుకున్న అమెరికాలో అధ్యక్షుడి ప్రసంగం దేవుడి పేరుతో ముగియడం మామూలు. ‘ఏ చర్చికి వెళ్తారు?’ అని పొరుగువాళ్ళు అడిగితే కంగారు పడొద్దు, దక్షిణాది రాష్ట్రాల్లో అది ‘మీదే ఊరు’ లాంటి ప్రశ్న.

చిన్నవి కొన్ని

‘సాకర్’ అమెరికన్ల మాట కాదు. అసోసియేషన్ ఫుట్‌బాల్ అన్నదాన్ని కుదించి 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ విద్యార్థులే పుట్టించారు.

సెలవులు: బ్రిటన్‌లో చట్టప్రకారం ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు. అమెరికా ఫెడరల్ చట్టంలో ఒక్క రోజూ లేదు, ఆఫర్ లెటర్‌లో ఎంత రాస్తే అంత.

టిప్పు: అమెరికాలో టిప్పులు తీసుకునేవాళ్ళకి యజమాని ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస కూలి 1991 నుంచి గంటకి 2.13 డాలర్లే. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ ఇప్పిస్తాయి, అయినా టిప్పు దయ కాదు, జీతంలో భాగం. బ్రిటన్‌లో ముందు బిల్లు చూడండి, సర్వీస్ చార్జ్ వేసేసి ఉండొచ్చు. పబ్‌లో టిప్పు కంటే రౌండ్ (వంతులవారీగా అందరికీ ఒకరు కొనిచ్చే పద్ధతి) ముఖ్యం. గుంటూరు కుర్రాడొకడు ‘నేను తాగను కదా’ అని మూడు వారాలు ఒకళ్ళు కొనిచ్చిన ఆరెంజ్ జ్యూస్ తాగుతూ, తన వంతు రౌండ్ ఎప్పుడూ కొనలేదు. పిసినారి అన్న పేరు పోగొట్టుకోవడానికి ఏడాది పట్టింది.

అపోహ: మనల్ని ఏలినవాళ్ళే కాబట్టి బ్రిటన్ పద్ధతులే మనవి, అమెరికా నేర్చుకుంటే చాలు

కొంతవరకు నిజం. ఎడమవైపు డ్రైవింగ్, గ్రౌండ్ ఫ్లోర్, స్పెల్లింగ్ అన్నీ కలుస్తాయి. కానీ మనం కిలోమీటర్లలోకి వచ్చేశాం, వాళ్ళ రోడ్ల మీద ఇంకా మైళ్ళే. పెట్రోలు లీటర్లలో కొని, మైలేజీ మాత్రం గ్యాలన్లలో చెబుతారు. ఆ గ్యాలన్ 4.55 లీటర్లు, అమెరికాది 3.79.

అలవాటైన పద్ధతే నన్ను అమెరికాలో ముంచింది. మొదటి ట్రిప్పులో ఏప్రిల్ 3కి గది కావాలని 03/04 అని రాసి పంపాను. వాళ్ళు మార్చి 4కి బుక్ చేసి, నేను రాలేదని ఆ డబ్బు కూడా పట్టుకున్నారు. ఏప్రిల్‌లో పెట్టెలతో దిగితే గది లేదు. ఆ రాత్రి లాబీ సోఫాలో, తెచ్చుకున్న జంతికలతో గడిచింది. ఇప్పుడు మా ఇంటి పాల లెక్కలో కూడా నెల పేరు అక్షరాల్లోనే రాస్తాను.